"రెండొద్దుల సంది అవుపడ్తలేవు": వికలాంగులు సోపతి కట్టుకునే దారి

మా ఊరి బస్సు స్టేజీ దగ్గర ఒక చాయ్ హోటల్ ఉంది. రేకుల షెడ్డు, రెండు బల్లలు, బయట వేప చెట్టు. నేను అక్కడికి పోవడం మొదలుపెట్టింది స్నేహాల కోసం కాదు, ఇంట్లో ఫోన్ సిగ్నల్ అందదు కాబట్టి. రోజూ పొద్దున ఎనిమిదింటికి వెళ్లి, గోడ పక్క బల్ల మీద కూర్చుని, కాలికి కట్టుకునే క్యాలిపర్ (ఇనుప ఊత) లాక్ తీసి కాలు చాపుకొని, ఒక చాయ్ తాగి వచ్చేవాణ్ని. ఎవరితోనూ పెద్దగా మాట్లాడింది లేదు. ఒకసారి జ్వరం వచ్చి రెండు రోజులు పోలేదు. మూడో రోజు వెళ్లగానే హోటలాయన గ్లాసులు కడుగుతూ, తల ఎత్తకుండానే అడిగాడు: "ఏమాయె, రెండొద్దుల సంది అవుపడ్తలేవు?"

నాకు ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చింది. కాలు ఎట్లున్నది, పింఛను పడ్డదా, మందులు వాడుతున్నవా అని అడిగినవాళ్లకు చిన్నప్పటి నుంచి లెక్క లేదు. నేను లేకపోతే ఆ చోట ఏదో తక్కువైందని చెప్పినవాడు మాత్రం, మా ఇంటివాళ్లు కాక, ఆయనే మొదటివాడు. డిగ్రీ అయ్యాక తోటివాళ్లంతా పెళ్లిళ్లు చేసుకొని హైదరాబాద్ వెళ్లిపోయి, నేను ఇంట్లో మిగిలిన ఏళ్లలో నాకు లేనిది ఏమిటో ఆ రోజు తెలిసింది. నలుగురిలో కలవడం అంటే నలుగురి మధ్య కూర్చోవడం కాదు. రాని రోజు ఒకరు అడగాలి.

ఆ ఒక్క మనిషిని ఎట్లా సంపాదించుకోవాలో అడుగడుగునా చెప్పడానికే ఇది రాస్తున్నాను. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) ఊళ్లలో ఉండేవాళ్లను మనసులో పెట్టుకొని రాస్తున్నాను. "తిని కూసుంటే వచ్చే రంది" అని ఎవరైనా తీసిపారేస్తే నమ్మకండి. ఒంటరితనం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు దీనితో బాధపడుతున్నారని, దీని వల్ల ఏటా సుమారు 8 లక్షల 71 వేల మరణాలు జరుగుతున్నాయని అందులో అంచనా కట్టారు. పని లేనివాళ్ల రంది అయితే ఇన్ని ప్రాణాలు పోవు.

ముందు ఒక వారం రాసి చూడండి

ఒక నోటుబుక్కు తీసుకోండి. రాయలేకపోతే ఫోన్‌లో మాటలు రికార్డు చేసుకోండి. ఏడు రోజుల పాటు మీతో ఎవరు మాట్లాడారు, దేని గురించి మాట్లాడారు అన్నది మాత్రమే రాయాలి. ఎట్లా అనిపించిందో రాయనవసరం లేదు.

నేను రాసినప్పుడు రెండు పేజీలు నిండాయి. "తిన్నవా" అని అమ్మ. "వేలిముద్ర పడతలేదు, మళ్లోసారి పెట్టు" అని పింఛను ఇచ్చేచోట. "నొప్పి ఎట్లున్నది" అని ఆర్‌ఎంపీ డాక్టరు. "పైలం" అని పక్కింటి పెద్దమ్మ. తిండి, మందులు, పింఛను, కాలు, ఈ నాలుగూ తీసేస్తే మిగిలిన ముచ్చట్లు మూడే. చుట్టూ మనుషులు ఉన్నారని అప్పటిదాకా అనుకున్నాను. ఉన్నవాళ్లంతా నన్ను చూసుకునేవాళ్లే, నాతో పొద్దుపుచ్చేవాళ్లు లేరు.

వారం తర్వాత ఆ పేజీలు చూస్తే మీకు ఏ లోటు ఉందో తెలుస్తుంది. కొందరికి అసలు పలకరించేవాళ్లే ఉండరు. కొందరికి మనుషులు నిండుగా ఉంటారు కానీ అందరూ సాయం చేసేవాళ్లే. ఇంకొందరికి మంచి దోస్తులే ఉంటారు, తనలాంటి ఇంకో మనిషి మాత్రం కనిపించడు. క్యాలిపర్ ఒరుసుకుంటే ఎట్లుంటదో, పెళ్లి చూపులకు వచ్చినవాళ్లు కాలు చూసి లేచిపోతే ఎట్లుంటదో విడమరచి చెప్పకుండానే తెలిసే మనిషి. మొదటి రెండు లోట్లకు ఊళ్లో ఒక చోటు కావాలి, మూడోదానికి సంఘం కావాలి. రెండూ చెబుతాను.

గడప దాటడం

మనవాళ్లు బయటికి రాకపోవడానికి సిగ్గు, భయం కారణాలని అందరూ అంటారు. నేను చూసినంతలో చాలామందికి అసలు అడ్డం బాత్రూం. పోయిన చోట సౌకర్యం ఉండదని పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఉండి, రెండు గంటల్లో ఇంటికి పరుగెత్తుకొచ్చే ఆడవాళ్లు నాకు తెలుసు. నీళ్లు తాగకపోతే మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు వస్తాయి. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లకు అది ఇంకా ప్రమాదం. అందుకే మొదటిసారి బయటికి వెళ్లేది మనుషుల కోసం కాదు, దారి చూసుకోవడానికి. బాత్రూం ఎక్కడుంది, తలుపు ఎంత వెడల్పు, మెట్లు ఎన్ని, మోరీ దాటడానికి బండ ఉందా, కూర్చోవడానికి వీపు ఆనే కుర్చీ ఉందా. ఇంటి నుంచి రెండు వందల అడుగుల లోపు చోటు దొరికితే అదే మేలు. మోరీ మీద బండ వేయించాలంటే పంచాయతీ కార్యదర్శికి తెల్ల కాగితం మీద రాసి ఇవ్వండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 5వ సెక్షన్ మనకు అందరితో కలిసి సమాజంలో బతికే హక్కు ఉందని చెబుతోంది. బండ అడగడం బతిమాలడం కాదు.

వైకల్య సర్టిఫికెట్, దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ), బస్సు రాయితీ పాసు లేనివాళ్లు వాటి పని ముందు చూసుకోండి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు చాలా పథకాలు వర్తిస్తాయి. తెలంగాణలో ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి, తోడు వచ్చే అమ్మకో అక్కకో కూడా ఖర్చు ఉండదు.

తోడు గురించి ఒక మాట. అమ్మ పక్కన కూర్చుంటే ముచ్చటంతా అమ్మతోనే నడుస్తుంది. "ఏం తింటడు? రాత్రి నిద్ర పడతదా?" అని మీరు అక్కడే ఉండగా ఆమెనే అడుగుతారు. తప్పు ఎవరిదీ కాదు, అలవాటు. అమ్మను దింపి వెళ్లమనండి, గంట తర్వాత రమ్మనండి. మొదట ఆమెకే టెన్షన్. మా అమ్మ మొదటి నాలుగు రోజులు వీధి మలుపులో నిలబడి చూసేది. ఐదో రోజు నుంచి పెరుగు తోడేసుకునే పని గుర్తొచ్చింది.

ఒకటే చోటు, ఒకటే సమయం

కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు 2018లో ఒక పరిశోధన ప్రచురించాడు. పరిచయస్తులు మామూలు స్నేహితులు కావడానికి కలిసి గడిపిన సమయం దాదాపు 50 గంటలు కావాలి, స్నేహితులు అనుకోవడానికి 90 గంటలు, దగ్గరి స్నేహితులు కావడానికి 200 గంటలకు పైనే పడుతుందని తేలింది. అమెరికాలో కట్టిన లెక్కలే అయినా మనకు పనికొస్తాయి. రోజూ అరగంట కూర్చుంటే వంద రోజులకు 50 గంటలు. వారానికి రెండు గంటలైతే ఆరు నెలలు. అంటే నెల రోజులు పోయి "ఎవ్వరూ నాతో కలుస్తలేరు" అని మానేసేవాళ్లు, ఇంకా మొలక రాకముందే నీళ్లు పెట్టడం ఆపినట్టే.

చోటు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఒకటే: రోజూ వచ్చే మనుషులు వాళ్లే ఉండాలి. బస్టాండులో వెయ్యి మంది ఉంటారు కానీ రేపు వాళ్లు రారు. పొద్దున, సాయంత్రం పాల కేంద్రం దగ్గర క్యాన్లు పట్టుకొని వచ్చేది ఆ ఇరవై మందే. శనివారం భజనకు వచ్చేది వాళ్లే, ఆదివారం చర్చికి వచ్చేది వాళ్లే, జుమ్మా నమాజుకు వచ్చేది వాళ్లే. టైలర్ దుకాణం, కిరాణా కొట్టు ముందరి అరుగు, శాఖా గ్రంథాలయంలో పేపర్లు చదివే బల్ల, ఇవన్నీ మంచి చోట్లు.

వీటన్నిటికంటే మంచిది, నల్లగొండ దిక్కు మన కళ్ల ముందే ఉండి ఎవరూ అనుకోనిది, వడ్ల కొనుగోలు కేంద్రం. కోతలు కాగానే రైతులు ఐకేపీ కేంద్రం (మహిళా సంఘాలు నడిపే కొనుగోలు కేంద్రం) దగ్గర రాశులు పోసుకొని, తేమ 17 శాతానికి దిగే వరకు, తర్వాత లారీ వచ్చే వరకు రోజుల తరబడి కాపలా ఉంటారు. వాళ్లకు పొద్దుపోదు. ముచ్చటకు మనిషి కావాలి. ప్రతి సీజన్‌లో మనకు దొరికే పది పదిహేను రోజుల పొద్దు అది.

పాలమూరు దిక్కు లెక్క వేరు. వలస పోయే ఊళ్లలో పండుగలు అయ్యాక ముంబై, పుణె వెళ్లినవాళ్లు నెలల తరబడి రారు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, బడి పిల్లలు, మనం. అక్కడ మన ఈడు వాళ్లతోనే సోపతి కావాలని పట్టుబడితే ఏడాదిలో సగం ఒంటరిగానే గడుస్తుంది. పెద్దవాళ్లతో కట్టుకోండి. కొడుకు ముంబైలో ఉన్న అవ్వకు వీడియో కాల్ కలిపి ఇచ్చే మనిషి ఊళ్లో ఉంటే, ఆ అవ్వ సాయంత్రం ఎక్కడ కూర్చుంటుందో చెప్పనక్కర్లేదు.

చేతిలో ఒక పని

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే అని నా నమ్మకం. తీసుకోవడమే ఉండి ఇవ్వడం లేని చోట స్నేహం నిలవదు. మనం ఇవ్వలేమని కాదు, మనల్ని ఎవరూ అడగరు. అడగకముందే ఏదో ఒకటి చేతిలో పెట్టుకొని పోవాలి.

మా పక్క ఊళ్లో ఒక తమ్ముడు ఉన్నాడు. తాటిచెట్టు మీద నుంచి పడి నడుము కింది భాగం చచ్చుబడింది, వీల్‌చైర్‌లో ఉంటాడు. గీత పనిలో ఇట్లాంటి దెబ్బలు మనకు కొత్త కాదు. మూడేళ్లు మంచం దిగలేదు. ఒక యాసంగి సీజన్‌లో వాళ్ల నాయన రాశి దగ్గర కాపలాకు అతన్ని కూర్చోబెట్టాడు. ఎవరు ముందు పోశారు, ఎవరు తర్వాత పోశారు అన్న దాని మీద రోజూ కొట్లాట అవుతోంది. ఇతను ఒక పొడుగు రిజిస్టర్ తీసుకొని గీతలు కొట్టి, వరుస నంబరు, రైతు పేరు, పోసిన తేదీ, తేమ ఎంత, బస్తాలు ఎన్ని అని రాయడం మొదలుపెట్టాడు. పెన్ను తాడుతో రిజిస్టర్‌కు కట్టి ఉండేది. రెండో వారానికి "సీరియల్ తమ్మునికాడ చూసుకోపో" అనడం అందరికీ అలవాటైంది. ఇప్పుడు సీజన్ మొదలయ్యే ముందే అతని ఇంటికి వచ్చి అడుగుతారు. రాశి దగ్గర వండుకున్న కోడికూరలో అతని గిన్నె పక్కకు తీసి పెడతారు. ఆ గిన్నెను నేను కళ్లారా చూశాను.

రిజిస్టరే కానక్కర్లేదు. కరెంటు బిల్లు ఫోన్‌లో కట్టి పెట్టడం, భూమి పాసుబుక్కు వివరాలు ఆన్‌లైన్‌లో చూసి చెప్పడం, జాకెట్లకు హుక్సులు కుట్టడం, భజనలో తాళం వేయడం, పిల్లలకు ఎక్కాలు చెప్పడం, మార్కెట్ ధరలు చదివి వినిపించడం. చూపు లేనివాళ్లలో కొందరికి ఎవరి ఫోన్ నంబరైనా నోటికి వస్తుంది, ఊరికి అది పెద్ద ఆస్తి. ఒక్క జాగ్రత్త: పని పేరుతో మిమ్మల్ని ఉచిత నౌకరుగా వాడుకోనివ్వకండి. చేసిన పనికి బదులు పైసలే రావాలని లేదు, కానీ బల్ల మీద చోటు, పేరు పెట్టి పిలుపు, పండుగకు పిలుపు, వీటిలో ఏదో ఒకటి తిరిగి రావాలి. ఆరు నెలలైనా రాకపోతే చోటు మార్చండి.

మందలించడం, వరస కలపడం

మన తెలంగాణలో "మందలించడం" అంటే తిట్టడం కాదు, పలకరించి మంచిచెడ్డలు అడగడం. ఎవరో వచ్చి మనల్ని మందలించాలని ఎదురుచూడటం మనకు అలవాటు. మనమే ముందు మందలించాలి. అదీ వాళ్ల సంగతితో. "బోరు పోస్తుందా?", "బిడ్డ కాన్పు అయిందా?", "బర్రె ఈనిందా?" ఎదుటివాళ్లు కూడా మనతో ఏం మాట్లాడాలో తెలియక ఆగిపోతారు. నోరు జారితే బాధపడతామేమోనని వాళ్ల భయం. వాళ్లకు తెలిసిన సంగతి మనం అందిస్తే ఆ భయం పోతుంది.

తర్వాత వరస. ఊళ్లో కులం ఏదైనా, చుట్టరికం లేకున్నా, ప్రతివాడికీ ప్రతివాడితో ఒక వరస ఉంటుంది: అన్న, బావ, చిన్నాయన, వదిన, అవ్వ. వికలాంగులను మాత్రం చాలా ఊళ్లలో వరసతో పిలవరు. "కుంటోడు", "మూగోడు", "గుడ్డామె" అని అవయవంతో పిలుస్తారు. అక్కడే మనం ఊరి లెక్కలో నుంచి జారిపోతాం. నేను ఒక పెద్దమనిషిని నేరుగా అడిగాను: "తాతా, మీకు మా నాయన ఏమైతడు? నాకు మీరేం వరసైతరు?" ఆయన వేళ్లు ముడిచి మా ముత్తాత దాకా లెక్క తీశాడు. పావుగంట పట్టింది. చివరికి "నువ్వు నాకు మనుమడివి కాదురా, బామ్మర్దివైతవ్" అని తేల్చాడు. ఆ రోజు నుంచి ఆయన నన్ను "బామ్మర్దీ" అంటాడు, నేను "బావా" అంటాను. బావ బామ్మర్దుల మధ్య పరాచికాలు నడుస్తాయి, ఒకరి మీద ఒకరికి హక్కు ఉంటుంది. పాపం అన్న మాటకు అందులో చోటు లేదు.

"కాలుకు ఏమైంది?" అని కొత్తవాళ్లు అడుగుతారు. ఒక్క ముక్కలో చెప్పి వెంటనే మాట వాళ్ల వైపు తిప్పండి: "చిన్నప్పుడు పోలియో వచ్చిందన్నా. మీది ఏ ఊరు?" రోజంతా కథ చెప్పాల్సిన బాకీ మనకు లేదు. "పోయిన జన్మల చేసుకున్నది" అనేవాళ్లతో వాదం పెట్టుకోను, "అట్ల కాదు పెద్దమ్మా, అప్పుడు చుక్కల మందు మా ఊరికి రాలే" అంటాను. మన దేశంలో సహజ పోలియో వైరస్‌తో చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది, ఆ తర్వాత అట్లాంటిది రాలేదంటే చుక్కల మందు వల్లనే. వైకల్యం పేరుతో పిలిచేవాణ్ని నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి, "నా పేరు పెట్టి పిలువన్నా, నాకు అదే ఇష్టం" అని ఒక్కసారి చెప్పండి. చాలామంది మారతారు. మారకుండా కావాలని నలుగురిలో అవమానిస్తే అది నేరం. 2016 చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా ఉన్నాయి. ఆ దాకా పోవాల్సిన అవసరం నాకు రాలేదు. ఆ సెక్షన్ ఉందని తెలిసి ఉండటం వల్ల మాత్రం గొంతు వణకకుండా మాట్లాడగలిగాను.

మనవాళ్లు: సంఘం కట్టడం

ఊళ్లో చోటు కుదిరాక కూడా, కొన్ని సంగతులు మనలాంటివాళ్లకే చెప్పుకోగలం. దానికి సంఘం కావాలి. ఇది ఈ గడ్డకు కొత్త కాదు. 2000 సంవత్సరంలో మొదలైన వెలుగు అనే ప్రభుత్వ పేదరిక నిర్మూలన ప్రాజెక్టు తొలి ఆరు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఊళ్లలో వికలాంగుల సంఘాలు, మండల సమాఖ్యలు అప్పుడే కట్టారు. మీ ఊళ్లో పాత సంఘం ఏమైందో ముందు ఆరా తీయండి. పుస్తకం ఎవరి ఇంట్లోనో ట్రంకుపెట్టెలో ఉండొచ్చు.

నల్లగొండలో మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయినవాళ్లను కూడా కలుపుకోండి. సర్టిఫికెట్ లేదని, ముసలితనం వల్ల వచ్చిందని వాళ్లను వదిలేస్తుంటారు. శివన్నగూడెం అంశాల స్వామి అదే జబ్బుతో ఉండి ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ వ్యతిరేక పోరాటంలో ముందు నిలిచారు. 2023 జనవరిలో ఆయన పోయినప్పుడు మా దిక్కు ఇంటి మనిషి పోయినట్టే అనుకున్నారు.

సంఘానికి ఐదుగురు చాలు. మహిళా సంఘాలకు పది మంది కావాలి కానీ, జాతీయ గ్రామీణ జీవనోపాధుల పథకంలో వికలాంగుల సంఘానికి ఐదుగురితోనే వీలుంది, మగవాళ్లు కూడా ఉండొచ్చు. మండల ఐకేపీ ఆఫీసులో ఏపీఎంను (సంఘాల పని చూసే అధికారిని) అడగండి. మనుషులు ఎక్కడ దొరుకుతారంటే, పింఛను ఇచ్చే రోజు పోస్టాఫీసు ముందర. అక్కడ వరుసలో నిలబడ్డప్పుడే ఫోన్ నంబర్లు తీసుకోండి.

మొదటి మీటింగ్ గురించి నా అనుభవం చెబుతాను. ఒక ఆఫీసువాళ్లు మా కోసమే మీటింగ్ పెట్టి, దాన్ని మొదటి అంతస్తు హాల్లో పెట్టారు. ఇద్దరిని కుర్చీతో సహా ఎత్తి తీసుకెళ్లారు. అందులో ఒక అక్క మళ్లీ ఏ మీటింగ్‌కూ రాలేదు. అందుకే కింద చోటు, దగ్గర బాత్రూం, నీడ, ఈ మూడూ చూసుకున్నాకే రోజు పెట్టండి. చెట్టు కింద అయినా మంచిదే. నెలకు రెండుసార్లు, పేరు చెప్పగానే గుర్తుండే రోజు పెట్టండి: అమావాస్య, పున్నమి తెల్లారి, లేదా నెలలో రెండు అంగడి రోజులు. పింఛను, లోన్ల ముచ్చట మొదటి అరగంటలో ముగించండి. లేకపోతే సంఘం ఆఫీసుగా మారి, పని ఉన్నప్పుడే వస్తారు. మిగిలిన గంటన్నర గుడాలు (గుగ్గిళ్లు) తింటూ ఊరి ముచ్చట్లే. ఎవరి ఇంటి నుంచి గుడాలు రావాలో వంతులు వేసుకోండి. ఆ గిన్నె తేవడం కోసమైనా మనిషి వస్తాడు.

ఒక్కొక్కరికి ఒక్కో తీరు

వినపడని వాళ్లుంటే వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోండి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి. గుంపులో అందరూ నవ్వినప్పుడు "తర్వాత చెప్తలే" అనడం వాళ్లకు పెద్ద దెబ్బ. అప్పుడే, అక్కడే చెప్పాలి. భారతీయ సంజ్ఞా భాష నిఘంటువులో 10,000 పదాల వీడియోలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మీటింగ్‌కు ఐదు సంజ్ఞలు నేర్చుకున్నా ఏడాదిలో నూట ఇరవై అవుతాయి.

చూపు లేనివాళ్ల దగ్గరికి రాగానే మీ పేరు చెప్పండి, లేచి వెళ్లేటప్పుడు "నేను పోతున్న" అని చెప్పండి. ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉండిపోవడం ఎంత చిన్నతనంగా ఉంటుందో మా సంఘంలో ఒకన్న చెప్పే దాకా నాకు తెలియదు. చెయ్యి పట్టి లాగకుండా మీ మోచెయ్యి అందించండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే తెరమీద ఉన్నది తెలుగులో చదివి వినిపిస్తుంది. వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్‌లు పెట్టడం అలవాటు చేస్తే వాళ్లే ఎక్కువ మాట్లాడతారు.

బుద్ధి ఎదగని పిల్లల అమ్మానాన్నలు మండల కేంద్రంలో ఇట్లాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి వెళ్తే ఇంకో నలుగురు అమ్మానాన్నలు దొరుకుతారు. ఆ నలుగురూ ముందు మీకు కావాలి. పిల్లవాడు పెద్దయ్యాక చిన్నపిల్లలతోనే ఆడుకొమ్మని వదలకండి. ఈడువాళ్లతో ఒక పని కుదర్చండి, రోజూ అదే పని, అదే మనిషితో.

మంచం మీద ఉన్నవాళ్లకు మంచాన్నే వాకిట్లోకి తేవాలి. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి కాబట్టి, తిప్పిన వెంటనే వచ్చేలా దోస్తులకు సమయం చెప్పండి. "వీలైనప్పుడు రా" అంటే ఎవరూ రారు. "ఆదివారం అంగడికి పోయి వస్తూ పది నిమిషాలు రా" అంటే వస్తారు.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. వారం వారం జరిగే మహిళా సంఘం మీటింగ్ కంటే మంచి చోటు ఊళ్లో వాళ్లకు ఇంకొకటి లేదు. అయినా అప్పు కట్టే శక్తి ఉండదేమో అన్న అనుమానంతో వికలాంగురాలైన బిడ్డను చేర్చుకోరు. పొదుపు మాత్రమే కడతాను, అప్పు తీసుకోను అని చెప్పి ముందు చేరండి. ఒకసారి బల్ల మీద కూర్చున్నాక మిగిలినవి వస్తాయి. బతుకమ్మ రోజుల్లో చుట్టూ తిరగలేమని ఇంట్లో ఉండిపోకండి. తంగేడు, గునుగు పూలు పేర్చే పని కూర్చునే చేస్తారు, పాట ఎత్తుకోవడానికి కాళ్లు అక్కర్లేదు. మా వాడలో పాట ఎత్తుకునే అక్క మూడు చక్రాల బండి మీద కూర్చుని ఎత్తుకుంటుంది, చుట్టూ ఉన్నవాళ్లు ఆమె గొంతు కోసం ఆగుతారు.

దోస్తు పేరుతో వచ్చేవాళ్లు

పింఛను 2023లో 4,016 రూపాయలు అయింది. అది పడే రోజు మాత్రమే గుర్తొచ్చే దోస్తులు ఉంటారు. మూడుసార్లు తీసుకొని ఒక్కసారీ ఇవ్వనివాడికి నాలుగోసారి "లేవు" అని చెప్పండి. ఆ తర్వాత కూడా వచ్చి కూర్చుంటే అతను దోస్తే. ఫోన్‌లో ఓటీపీ అడిగేవాళ్లకు, ముఖం చూపకుండా పెళ్లి మాటలు మాట్లాడి డబ్బు అడిగేవాళ్లకు ఒక్క రూపాయి పంపకండి. ఆకలిగా ఉన్నవాడికి చద్దన్నం కూడా పరమాన్నంలా ఉంటుంది, ఒంటరిగా ఉన్నప్పుడు తీపిమాట కూడా అంతే. అందుకే కొత్త స్నేహం సంగతి సంఘంలో ఒక్కరికైనా ముందు చెప్పి ఉంచండి.

ఎవరినీ కలవాలనిపించకుండా, తిండి సయించకుండా, చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన వస్తుంటే ఈ అడుగులన్నీ పక్కన పెట్టి 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య లైన్. ఏ వేళలో చేసినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, పైసలు పడవు.

రెండుసార్లు రాకపోతే

మా సంఘానికి రాసుకున్న నియమాలు చాలా ఉండేవి. ఇప్పుడు ఒకటే మిగిలింది. వరుసగా రెండుసార్లు రాని మనిషి ఇంటికి, ఆ రోజు సాయంత్రమే ఇద్దరు వెళ్లాలి. ఫోన్ చేస్తే సరిపోదు, ఫోన్‌లో అందరూ "మంచిగనే ఉన్న" అంటారు. ఒకరు వెళ్తే మందలించి వస్తారు, ఇద్దరు వెళ్తే కూర్చుంటారు, అందుకే ఇద్దరు. ఎందుకు రాలేదని నిలదీయకూడదు. ఆ రోజు గుడాలు ఎవరు తెచ్చారో, ఎవరు ఏం మాట్లాడారో చెప్పి, ఆయన వంతు ఎప్పుడో గుర్తు చేసి రావాలి.

పోయిన వానాకాలం మోకాలు వాచి నేనే రెండుసార్లు పోలేకపోయాను. సాయంత్రం ఆరున్నరకు, వాన తగ్గాక, వాకిట్లో మూడు చక్రాల బండి ఆగిన చప్పుడు వినపడింది. వెనక సీటులో బొబ్బెర గుడాల గిన్నె, పైన బోర్లించిన పళ్లెం.